గడప మీద రమ్జాన్

“పేరడిగితే ఏం జేస్తవే?” అన్నాను.

కెజియా రెండో జడ ఇంకా నా చేతిలోనే ఉంది. ఎనిమిదో తరగతికి కొత్త బడికి పోయే మొదటి పొద్దు అది. ముందు రోజంతా వాన కురిసి బీదర్‌లోని మా మంగల్‌పేట సందులో ఎర్రమట్టి కాళ్లకు అంటుకుంటోంది.

“చె... చెప్త.”

“నువ్వు చెప్పేలోపు నవ్వుతరు గదా బిడ్డా. పక్కన కూసున్న పిల్లతోని జెప్పించు.”

“ప... పక్కన కూసున్న పిల్లకు ముందు నా పేరు తె... తెల్వాలె గదమ్మా.”

నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

నా బిడ్డకు నత్తి. మాట మొదట్లో చిక్కుకుంటుంది, మెడ రెండు మూడుసార్లు ముందుకు ఊగుతుంది, అప్పుడు వస్తుంది. మిషన్ బడిలో చిన్నప్పటి నుంచి చూసిన పిల్లలు గనుక ఎవరూ పట్టించుకోలేదు. ఆ బడి ఏడుతో ఆఖరు. ఊరి నడుమ చౌబారా బురుజు వెనక ఒక ముస్లిం ట్రస్టు వాళ్లు నడిపే ఆడపిల్లల హైస్కూల్ ఉంది. నడిచిపోయేంత దూరం, అందరూ ఆడ టీచర్లే. అందులో చేర్చాను. మంగళగి ఊళ్లో ఉండే మా అన్న యెహోషువ అప్పుడే భయపెట్టాడు. “ఆ బడిల దీనియాత్ అని ఒక పిరియడ్ ఉంటదట, వాళ్ల మతం చెప్తరట. పిల్లను జెర చూసుకో.” మతం పిరియడ్‌లో ముస్లిం కాని పిల్లలకు కుట్టుపని నేర్పుతారని బడిలో చెప్పారు. అయినా నా మనసు నిలవలేదు.

నా మనసు ఎప్పుడూ నిలవదు. మా ఆయన జయానందం అప్పుడు హైదరాబాద్‌లో ఉన్నాడు. మాదాపూర్ వైపు రోజుకొక అద్దాల మేడ లేస్తున్న కాలం అది. బీదర్ నుంచి బస్సెక్కిన మగవాళ్లంతా అక్కడే దిగేవాళ్లు. తాళ్ల ఉయ్యాలలో వేలాడుతూ ఆ మేడలకు అద్దాలు బిగించే పని ఆయనది. ఆ తాడు తలపుకు రాకుండా నేను ముద్ద మింగిన రోజు లేదు. దానికి ఇప్పుడు ఈ బడి తోడయింది.

*

శ్రావణం పోయేసరికి కెజియా మాట్లాడటం మానేసింది.

ముందు బడి కబుర్లు ఆగాయి. తర్వాత “ఊ” అనడం కూడా ఆగింది. అన్నం పెట్టనా అంటే తల ఊపేది. సాయంత్రం ప్రార్థనలో నా గొంతు ఒక్కటే వినిపించేది. కడుపులో ఏమైనా రోగమేమోనని మిషన్ ఆస్పత్రికి తీసుకుపోయాను. నాలుక చూశారు, గొంతు చూశారు, ఏమీ లేదన్నారు. ఏమీ లేదంటే నాకు ఇంకా భయమేసింది.

ఒకరోజు బడి విడిచే వేళకు చౌబారా మలుపులో కూరగాయల బండి పక్కన నిలబడ్డాను. కెజియా వస్తోంది. వెనక తెల్ల స్కార్ఫుల పిల్లలు ముగ్గురు నలుగురు. అందులో పొడుగు పిల్ల ఒకతి మెడ ముందుకూ వెనక్కూ ఊపుతూ అంటోంది. “హా... హా... హా... హక్లీ!”

నత్తిదానా అని. మాట కంటే నాకు ఆ మెడ గుచ్చుకుంది. అచ్చం నా బిడ్డ మెడ. ఎంత శ్రద్ధగా చూసి నేర్చుకుని ఉంటే అట్లా వస్తుంది! మిగిలినవాళ్లు పడిపడి నవ్వారు. కెజియా వెనక్కి తిరగలేదు. వానలో నడిచే మనిషిలాగ తల వంచుకుని నడిచింది.

జయానందం సెలవు మీద వచ్చినప్పుడు బిడ్డ ముందు కూర్చుని ఏదేదో మాట్లాడాడు, హైదరాబాద్ కోతుల కథలు చెప్పాడు. అది వింది, లేచి లోపలికి పోయింది.

“రిబ్కా, గిది పిల్ల గాదే, గోడ అయితాంది,” అన్నాడు. “రమ్జాన్ పండుగ సెలవుల దాక చూస్త. అప్పటికీ గిట్లనే ఉంటే బడి ఇడిపిస్త. అందరం హైదరాబాద్ పోదాం. ఆడ ఎవల సంగతి ఎవలకు పట్టది.”

“మరి చదువు?”

“ఆడ జూద్దాం.”

ఆడ జూద్దాం అంటే ఏమిటో నాకు తెలుసు. సైటు దగ్గర రేకుల షెడ్లలో ఉండే పిల్లలు ఒక్కరూ బడికి పోరని ఆయనే ఒకసారి చెప్పాడు. నేను ఏడు దాకా చదివినదాన్ని. కెజియా ఎనిమిదిలో అడుగు పెట్టిన పొద్దు నన్ను దాటిపోయింది. అది వెనక్కి రావడం నేను చూడలేను.

*

బడికి పోయాను. పోయే ముందు మూడుసార్లు చెప్పులు వేసుకుని విడిచాను. ఫిర్యాదు చేస్తే పిల్లలు ఇంకా పగబడతారేమో, మన మతం కాదు గనుక ఎవరూ వినరేమో, పేరు కొట్టేస్తారేమో.

క్లాసు టీచర్ సఫూరా ఆపా. ఆ బడిలో టీచర్లను ఆపా, అంటే అక్కా, అనే పిలుస్తారు. నెరిసిన జుట్టు, కళ్లద్దాలు, ముదురు నీలం చాదర్. దీనియాత్ చెప్పేది కూడా ఆమేనట. వరండాలో బల్ల మీద నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

“నాది జహీరాబాద్ అమ్మా. తెలుగు వస్తది. జెర విరుగుతది, అంతే. చెప్పండి.”

చెప్పాను. ఎవరి పేరూ చెప్పలేదు, నాకు తెలియదు కూడా. మెడ ఊపడం కూడా చెప్పాను. ఆమె అంతా వింది.

“హాజరు కాడ మొదలైంది,” అంది నేలకేసి చూస్తూ. “మా బడిల పేరు పిలిస్తే హాజర్ అనాలె. మీ బిడ్డకు హా దగ్గర ఆగుతది. ఆ పొడుగు పిల్ల సాలిహా. చెడ్డది గాదు. నవ్వించుడు వస్తది దానికి, ఆ నషా ఎక్కింది.”

“రెండు దెబ్బలు కొట్టండి ఆపా. భయపడ్తరు.”

“భయపడ్తే నా ముంగట అనరు. మలుపు కాడ అంటరు.” లేచి నిలబడింది. “గంట కొట్టిన్రు. మీరు కూసోండి, నా పిరియడ్ అయినంక పోదురు.”

దీనియాత్ పిరియడ్. మా అన్న భయపెట్టిన పిరియడ్. కెజియా కుట్టుపని గదిలో ఉంది. కిటికీ తెరిచే ఉంది, నేను దాని కిందే ఉన్నాను. ఆమె చెప్పింది ఉర్దూలో. ఈ జిల్లాలో పుట్టినదానికి అది అర్థం కాకపోవడమంటూ లేదు, నా మాటలో రాస్తున్నాను.

“నమాజ్ ఒకటి తప్పిపోయింది. ఏం జేస్తం?”

“తర్వాత చదువుకుంటం ఆపా,” అన్నారు పిల్లలు.

“రోజా, ఒకనాటి ఉపాసం, తప్పిపోయింది?”

“తర్వాత పెట్టుకుంటం.”

“మంచిది. అవి అల్లా హక్కులు. ఏడ్చి అడిగితే ఆయన మాఫ్ చేస్తడు, ఆయన పెద్ద మనసు ఆయనది. ఇప్పుడు చెప్పండి. మీరు ఒక పిల్లకు పేరు పెట్టిన్రు. నవ్విన్రు. ఆ పిల్ల ఇంటికి పోయి అన్నం తినలే. గిది ఎవల హక్కు?”

“ఆ పిల్లది,” అంది ఎవరో సన్నగా.

“మరి ఆ పిల్లది అల్లా ఎట్ల మాఫ్ చేస్తడు? నెలంతా ఉపాసముండు, నుదురు అరిగేదాక నమాజ్ చదువు. ఆ పిల్ల విడిచిపెట్టేదాక ఆ మాట అక్కడనే నిలబడి ఉంటది. ఆఖరి రోజు నీకు ఎదురొస్తది.”

“ఆపా, ఆ పిల్ల మనోళ్లు గాకపోతే?”

“హక్కుకు మనోళ్లు, మందోళ్లు ఉంటరా? మనోళ్లయితే రేపు ఒక పెండ్లిలనో ఒక ఈద్‌లనో దొరుకుతరు, కాళ్లు పట్టుకోవచ్చు. మందోళ్లయితే ఇంకా ముందు పోవాలె.”

దేవుడు కూడా వాకిట్లో ఆగిపోయే తలుపు ఒకటి ఉంటుందని నేను ఎన్నడూ వినలేదు. ఆ తలుపు గొళ్లెం తీసుకుపోయి నా బిడ్డ చేతిలో పెడుతోంది ఈమె. అన్నం పెట్టనా అంటే తల ఊపే నా బిడ్డ చేతిలో!

*

షబే బరాత్ పండుగ నాటి సాయంత్రం. కుట్టుమిషన్ మీద లంగా అంచు కుడుతున్నాను. సందు మొదట్లో ఆటో ఆగిన చప్పుడైంది. కిటికీలోంచి చూస్తే బురఖాల గుంపు. ముందర గడ్డం మనిషి ఒకడు మా ఇంటి వైపే చెయ్యి చూపిస్తున్నాడు.

తలుపు వేశాను, గడియ పెట్టాను, కుట్టుమిషన్ లాగి అడ్డం పెట్టాను. వెనక కిటికీ దగ్గరికి పరుగెత్తి పక్కింటి సిద్ధమ్మను కేకేశాను.

“సిద్ధమ్మా! మీ ఆయన్ను పిలువు! బడిల చెప్పిన గదా, కొట్లాటకు వచ్చిన్రు!”

సిద్ధమ్మ తన వాకిట్లోకి పోయి తీరిగ్గా చూసి వచ్చింది.

“కొట్లాటకు వచ్చెటోళ్లు గిన్నె పట్టుకొని వస్తరా రిబ్కమ్మా? పైన బట్ట కూడ కప్పిన్రు. హల్వా వాసన వస్తాంది. నువ్వు తీయవంటే నేను పోయి తీసుకుంట.”

మిషన్ మళ్లీ పక్కకు లాగడానికి చాలాసేపు పట్టింది. తలుపు తీస్తే బురఖాలన్నీ పిల్లలే. పొడుగు పిల్ల ముందుకొచ్చింది. మలుపులో మెడ ఊపిన పిల్ల. ఇప్పుడు ఆ మెడ నిలబడటం లేదు, వాలిపోతోంది.

“ఆంటీ, కెజియాతోని కహా సునా మాఫ్ చేయించుకోవాలె.”

గడ్డం మనిషి దాని తండ్రి, ఆటో నడుపుతాడు. దూరం నుంచే చెప్పాడు. “మా దగ్గర రివాజు అమ్మా. రమ్జాన్ ముంగట ఈ పండుగకు, అన్నవి విన్నవి మాఫ్ చేయమని ఒకరికొకరు అడుక్కుంటం. ఇంట్ల ఇంట్ల అడుక్కుంటం. బడి పిల్లలు గిట్ల బయలెల్లుడు నేను గూడ ఇదే చూసుడు. మా బిడ్డ పోవాలె అంటే తీసుకొచ్చిన.”

నాకు ఒకటే తొందర. గుంపు పోవాలి, గొడవ సద్దుమణగాలి. “అయింది బిడ్డా, మాఫ్ అయింది, పోండి, చీకటి పడ్తాంది,” అని గిన్నె అందుకున్నాను. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుని, బరువు దిగినట్టు వెళ్లిపోయారు. కెజియా లోపలి గదిలో గోడకు తిరిగి కూర్చుని ఉంది. హల్వా ముట్టలేదు.

మర్నాడు సాలిహా ఒక్కతే వచ్చింది.

“ఆంటీ, ఆపా కోపం చేసింది. ఆంటీ మాఫ్ చేస్తే ఆంటీని అన్నదే మాఫ్ అయితదట. మేం మిమ్మల్ని ఏం అనలే గదా.”

మిగతా పిల్లలు ఆ పొద్దు బడిలోనే కెజియాను అడిగారట, అది తల ఊపిందట. సాలిహాకు తల కూడా ఊపలేదట.

“కెజియా! చెప్పవే ఒక్క మాట. ఇంటి మీదికి వచ్చింది పిల్ల,” అన్నాను. లోపలి నుంచి ఏమీ రాలేదు.

“లోపటికన్న రా బిడ్డా.”

“వద్దు ఆంటీ. కెజియా పిలిస్తెనే వస్త.” గడప మీద కూర్చుంది. కాసేపు కూర్చుని లేచిపోయింది.

*

రమ్జాన్ నెల మొదలైంది. సాలిహా రోజూ బడి విడవగానే వచ్చేది. ఎండిన పెదాలతో, పుస్తకాల సంచి ఒళ్లో పెట్టుకుని మా గడప మీద కూర్చునేది, ఉపవాసం విడిచే వేళకు ఇంకా టైముందనగా లేచిపోయేది. మళ్లీ మాఫీ మాట ఎత్తలేదు. మొదటి రోజు అలవాటున మంచినీళ్ల చెంబు తెచ్చి, గుర్తొచ్చి నాలుక కరుచుకుని వెనక్కి తీసుకుపోయాను. ఆ పిల్ల నవ్వింది. నాకు మళ్లీ భయం. ఈ ఎండకు, ఉపవాసంతో, మా గడప మీద కళ్లు తిరిగి పడిపోతే? ఎవరికి జవాబు చెప్పాలి? గోనెపట్టా పరిచాను. మా మామిడి కొమ్మ నీడ ఎటు తిరిగితే పట్టా అటు జరిపేదాన్ని.

“ఆంటీ, గీ కుట్టు ఏమంటరు?” అని అడిగేది. చెప్పేదాన్ని. లోపలి గదిలో కెజియా పుస్తకం పేజీ తిప్పకుండా వింటోందని నాకు తెలిసేది.

ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చి చీర మార్చుకోకముందే సఫూరా ఆపా వచ్చింది. కుర్చీ వేశాను. ఆమె కుర్చీ పక్కకు జరిపి, కెజియా ఎదురుగా నేల మీద కూర్చుంది. మోకాళ్ల నొప్పి కాబోలు, కూర్చోవడానికి గోడ పట్టుకుంది.

“నేను గూడ అడిగేందుకు వచ్చిన బిడ్డా,” అంది. “నీ పేరు పిలిచి, నువ్వు హాజర్ అనేదాక నేను ఆగాలె. ఆగలే. వాళ్లు నవ్వుతరని నీ పేరు పిలుచుడే బంద్ చేసిన. నిన్ను చూసి టిక్కు పెట్టుకున్న. మేలు చేస్తున్న అనుకున్న. వాళ్లు నీ మాటను ఎక్కిరించిన్రు. నేను మొత్తానికే తీసేసిన. నాదే పెద్దది. మాఫ్ చేస్తవా?”

నెరిసిన తల. ఎంతమందికి చదువు చెప్పిన మనిషో! పదమూడేళ్ల పిల్ల ముందు, నేల మీద, రెండు చేతులు ఒళ్లో పెట్టుకుని ఎదురుచూస్తోంది. మా పాస్టరు గారు గాని, మా నాన్న గాని, ఎవరూ ఒక చిన్నపిల్లను ఇట్లా అడగడం నేను చూడలేదు. ఆ గదిలో గాలి మారినట్టయింది. చెప్పులతో ఉన్నానని గుర్తొచ్చి విడిచేశాను.

“అయ్యో ఆపా, మీరేంది, అది ఎప్పుడో మాఫ్...”

ఆమె నా వైపు చూడకుండానే అరచెయ్యి ఎత్తింది. “అమ్మా, మీరు గాదు.”

కెజియా ఆమెనే చూస్తోంది. మెడ ఒకసారి ముందుకు ఊగింది. మాట రాలేదు.

“ఇయ్యాలనే చెప్పాలని లేదు బిడ్డా,” అంది ఆపా. “అసలే చెప్పకపోయినా నీది తప్పు గాదు. నీ సొమ్ము, నీ ఇష్టం. సాలిహాకు గూడ అదే చెప్పిన. ఒక్కటి మాత్రం చెప్పు, తల ఊపినా చాలు. రేపటి సంది సెలవులు, పండుగైనంక బడి తెరుస్తం. నీ పేరు పిలవాలెనా, వద్దా?”

చాలాసేపటికి కెజియా తల ఊపింది. పిలవమని.

ఆ తర్వాత ఏ రోజో గుర్తులేదు. వంటింట్లో పని ముగించి గోనెపట్టా పరచడానికి పోయాను. అది అప్పటికే పరిచి ఉంది, నీడ ఉన్న చోట. సాలిహా ఇంకా రాలేదు. నేను పరచలేదు. నేను ఏమీ అనకుండా వంటింట్లోకి తిరిగొచ్చి, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను.

*

పండుగ ముందు రోజు జయానందం వచ్చాడు.

“మాట్లాడ్తాందా?”

“లేదు.”

“అయితే సామాను సర్దు. షెడ్డు మాట్లాడి వచ్చిన.”

పట్టా సంగతి చెప్పబోయాను. చెబితే అదొక సంగతా అంటాడని ఊరుకున్నాను. పెట్టెలో బట్టలు పెడుతుంటే కెజియా గుమ్మంలో నిలబడి చూసింది. తన బడి గౌను నేను మడత పెట్టబోతే వచ్చి నా చేతిలోంచి తీసుకుంది. కొక్కానికి తగిలించింది.

పండుగ పొద్దున ఆకుపచ్చ కొత్తబట్టలు, చేతుల నిండా గోరింటాకు, స్టీలు డబ్బాలో సేమ్యాలతో సాలిహా వచ్చింది. డబ్బా నాకిచ్చి, కొత్తబట్టలతోనే గడప మీద కూర్చుంది. ఆ రోజు నేను పట్టా వేయనేలేదు. నెల అయిపోయింది, ఇక రాదనుకున్నాను.

“గీ పిల్ల ఎవలు? పండుగ నాడు మన గడపల కూసున్నదేంది?” అన్నాడు జయానందం. చెప్పాను, షబే బరాత్ నుంచి మొదలుపెట్టి అంతా. గోడకు ఆనుకుని విన్నాడు. తర్వాత ఆ పిల్ల దగ్గరికి పోయాడు.

“రమ్జాన్ అయిపోయింది గద బిడ్డా. ఇంకెందుకు వచ్చినవ్?”

“రోజాలు అయిపోయినయ్ అంకుల్,” అంది సాలిహా. “మాట అయిపోలే గదా.”

అద్దాల మేడల మీద నుంచి కిందకు చూసి బెదరని మనిషి, ఆ గడప దగ్గర తడబడ్డాడు. లోపలికొచ్చి పెట్టెను కాలితో మంచం కిందకు తోశాడు.

“బడి తెరిచిన్నాడు చూసి, అప్పుడు చెప్త.”

*

బడి తెరిచిన రోజు ఇద్దరం కెజియా వెనకాలే పోయాం, దానికి తెలియకుండా. వరండాలో ఆ కిటికీ పక్కన నిలబడ్డాం. లోపల ఆపా పేర్లు పిలుస్తోంది. ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క “హాజర్” టక్కుటక్కున వస్తోంది. నా గుండె ఆ పేర్ల కంటే ముందు పరుగెత్తుతోంది. ఆమె మరిచిపోతే? మళ్లీ దాటేస్తే? దాటకపోతే?

“కెజియా జయానందం.”

కెజియా లేచి నిలబడింది. మెడ ముందుకు ఊగింది. మళ్లీ ఊగింది.

ఏమీ రాలేదు.

ఎక్కడ ఆగిందో నాకు తెలుసు. నా పెదాలు నా ప్రమేయం లేకుండానే ఆ అక్షరానికి తెరుచుకున్నాయి. కొంగు నోట్లో కుక్కుకున్నాను. జయానందం కిటికీ ఊచ పట్టుకున్నాడు. నేను నవ్వు కోసం ఎదురుచూస్తున్నాను, ఎక్కడో ఒక మూల నుంచి మొదలవుతుంది, ఇప్పుడే మొదలవుతుంది. మొదలవలేదు. అంతమంది ఆడపిల్లలు. ఒక్క తల వెనక్కి తిరగలేదు, ఒక్క బల్ల కిర్రుమనలేదు. దువా, అంటే ప్రార్థన, చేసేటప్పుడు కూర్చున్నట్టు కూర్చున్నారు. సాలిహా తన గోరింటాకు చేతులు చూసుకుంటోంది. ఆపా చేతిలో పెన్ను గాలిలో ఆగిపోయి ఉంది. ఆమెకు తొందర లేదు. సాయంత్రం దాకా అట్లా ఆగమన్నా ఆగేట్టుంది.

ఒక పిల్ల మాట కోసం లోకమంతా పని ఆపి నిలబడితే ఎట్లా ఉంటుందో ఆ పొద్దు చూశాను.

“హా... హా...” అంది నా బిడ్డ. “హా... హాజర్ ఆపా.”

పెన్ను కిందకు దిగింది. కెజియా మాత్రం కూర్చోలేదు. ఆపా తర్వాతి పేరు పిలవలేదు.

“సా... సాలిహా,” అంది కెజియా.

సాలిహా తలెత్తింది.

“రే... రేపటి సంది గ... గడప మీద కూసోకు.”

మెడ మళ్లీ ఊగింది. అందరూ ఆగారు.

“లో... లోపటికి రా.”